కొట్టని బెల్లు

ఆ శనివారం నేను మూడో పీరియడ్ బెల్లు కొట్టలేదు. నేను చేసింది అంతే. దొంగతనం కాదు, దొమ్మీ కాదు. రైలు పట్టా ముక్క మీద ఇనప కడ్డీతో వేయాల్సిన నాలుగు దెబ్బలు వేయలేదు. దానికే బడి మొత్తం ఎక్కడివాళ్లు అక్కడ బిగుసుకుపోయారు.

మొదటినుంచీ చెప్తాను.

మా బడి కోయిలకుంట్లలో ఉంది. ఇంగ్లీషు మీడియం, ప్రైవేటు, పేరు బ్రైట్ ప్లానెట్. నేను ఓబులేషు. పద్నాలుగేండ్లు బేతంచెర్లలో బండలు పాలిష్ పట్టాను. ముక్కుకు కట్టుకోడానికి మాస్కులు ఇవ్వండని అడిగినందుకు బయటికి నెట్టారు. ఇక్కడ వాచ్‌మన్ నేనే, అటెండరు నేనే, బెల్లు కొట్టేదీ నేనే.

మా కరస్పాండెంటు రామకృష్ణ సారుకు రెండు పిచ్చులు. ఒకటి బండలాగుడు. ఎద్దుల జతను కాడికి కట్టి, అంత బరువు బండను ఇచ్చిన టైములో ఎన్ని అడుగులు లాగుతాయో చూసే పోటీ. ఆయన జత ఒకసారి రెండో బహుమతి కొట్టింది. ఆ ఎద్దుల ఫోటో ఆఫీసులో దేవుడి పటాల కన్నా పెద్దది. రెండో పిచ్చి రూల్స్. పొద్దున్నే టీచర్లందరూ ఫోన్లు, వాచీలు ఆఫీసు ట్రేలో పెట్టాలి. గదుల్లో గడియారాలు లేవు. బెల్లు పడందే ఎవరూ గడప దాటకూడదు. దాటితే సగం రోజు జీతం కట్. ఇది బడా, జైలా అని నేను ఒక కాగితం రాసి సంతకాలకు తిరిగాను. ఒక్కరూ పెట్టలేదు. చదువుకున్నవాళ్లకు ఉన్నంత భయం బండలు మోసేవాళ్లకు ఉండదు.

జూన్‌లో ఊరంతా ఫ్లెక్సీలు కట్టారు. 'విదేశీ ఉపాధ్యాయురాలితో ఇంగ్లీషు' అని. పక్కన ఎక్కడో నెట్‌లో దొరికిన తెల్లామె ఫోటో, పసుప్పచ్చ జుట్టుతో. తీరా బడి తెరిచిన రోజు వచ్చింది మారిసెల్ మేడం. ఫిలిప్పీన్స్ దేశం ఆమెది. పొట్టిగా, చామనఛాయగా, పంజాబీ డ్రస్సులో, నెత్తిన కొబ్బరినూనెతో ఉంది. తల్లిదండ్రులు గేటు దగ్గర గుంపు కట్టారు.

"ఏమప్పా, ఫారిన్ మేడం అంటిరి. యాడ?"

"ఆమేనప్పా," అన్నాను.

"ఈమె మన మాదిరే ఉండాదే!"

వాళ్లకు కావాల్సింది ఇంగ్లీషు కాదు, తెల్లతోలు. ఆ మాట మొహం మీదే చెప్పాను. ఒకాయన నాతో వారం రోజులు మాట్లాడలేదు. మంచిదే, బీడీ అడగడం తప్పింది.

మారిసెల్ మా వీధి కోడలు. దౌలత్ బీ కొడుకు దావూద్ కువైట్‌లో డ్రైవరుగా చేసేటప్పుడు అక్కడ ట్యూషన్లు చెప్పే ఈమెను పెండ్లి చేసుకున్నాడు. నిరుడు ఇద్దరూ ఇక్కడికి వచ్చేశారు, రెండేండ్ల పాప షమాతో. దావూద్ ఆటో తోలుతున్నాడు. కడపలో ఒక ఏజెంటు కొత్త వీసా పట్టుకుని ఈ నెలాఖరు దాకా గడువు ఇచ్చాడు. మారిసెల్ ఉద్యోగం నిలబడితే దావూద్ ఇక్కడే ఉంటాడు. నిలబడకపోతే ఒంటి మనిషిగా విమానం ఎక్కుతాడు, మళ్లీ రెండేండ్లకు గానీ పాపను చూడడు. లెక్క అంత సులువు. సారు ఆమెకు ఇచ్చింది మూడు నెలల ట్రయలు. ఆ మూడు నెలలూ ఆ శనివారంతో అయిపోతాయి.

ఇక ఆమె పడిన పాట్లు. ఎనిమిది బి తరగతి, నలభై ఆరు మంది. ఆమె గదిలోకి అడుగు పెట్టగానే అందరూ లేచి భజన ఎత్తుకుంటారు, "గూ...డ్ మా...ర్నింగ్ మే...డం". చాక్‌పీసు కోసం ఒక అడుగు బయటికి వేసి వస్తే మళ్లీ అదే. మొదటిరోజు పదకొండు సార్లు లేచారు. నేను కిటికీ దగ్గర లెక్కపెట్టాను.

"వాట్ ఈజ్ యువర్ నేమ్?"

"యెస్ మేడం!"

"నో, నో. డోంట్ సే యెస్ మేడం."

"డోంట్ సే యెస్ మేడం!" అని నలభై ఆరు గొంతులు.

"స్టాప్ రిపీటింగ్!"

"స్టాప్ రిపీటింగ్!"

వాళ్ల తప్పేం లేదు. ఎల్‌కేజీ నుంచీ టీచరు ఏమంటే అది అనడమే చదువని నేర్పారు కదా.

ఆమె ఊరుకునే రకం కాదు. గోల చేస్తే నేను మూడు చప్పట్లు కొడతాను, మీరు మూడు కొట్టి నిశ్శబ్దం అవ్వాలి అంది. వాళ్లు మూడు కొట్టారు. పై అంతస్తులో తొమ్మిదో తరగతి మూడు కొట్టింది. పక్కన ఏడో తరగతి ఆరు కొట్టింది. ఆ రోజంతా బడి చప్పట్లతో మోగింది. ఆమె బుద్ధిగా ఉన్నవాళ్లకు కాగితం నక్షత్రాలు ఇచ్చింది. సాయంత్రానికి భూపేష్ చొక్కా మీద ముప్పై రెండు ఉన్నాయి. వాడంత బుద్ధిమంతుడా? ఇంటినుంచి తెచ్చిన చెనిక్కాయలు ఇచ్చి కొనుక్కున్నాడు. ఆమె వచ్చి నా స్టూలు మీద కూర్చుని, నవ్వాలో ఏడవాలో తెలియక నీళ్లు అడిగింది.

"ఓబులేషన్నా, మా దేశంలో పిల్లలు అల్లరి. కానీ ఇట్ల ఆర్గనైజ్డ్ కాదు," అంది.

అసలు తంటా పీరియడ్ లోపల కాదు, పీరియడ్‌కు పీరియడ్‌కు మధ్య. మూడో పీరియడ్ బెల్లు పడగానే ఆమె ఏడు ఎ కి పోవాలి. లెక్కల సారు పై అంతస్తు నుంచి దిగి, టీ తాగి, మూతి తుడుచుకుని ఎనిమిది బి కి వచ్చేసరికి పది నిమిషాలు. ఆ పది నిమిషాలు ఆ గదికి అమ్మా లేదు నాన్నా లేడు. అప్పుడు వాళ్లు ఏం చేసేవాళ్లంటే, బండలాగుడు.

నవ్వులాట కాదు, నియమాల ప్రకారమే. వెనక బెంచీకి వేసిన కడప బండ ఎప్పుడో విరిగింది. రెండడుగుల ముక్క, ఇద్దరు పట్టి ఎత్తాలి. దానికి ఎనిమిది స్కూలు టైలు ముడివేసి తాడు. ఆయా సుంకులమ్మ పోగొట్టుకున్న చీపురు కర్ర కాడి. ఎద్దులు భూపేష్, ఏసుబాబు. నిజం పోటీల్లో ఎద్దుల్ని పళ్లను బట్టి విభాగాలు చేస్తారు కదా, వీళ్లూ చేశారు. ఆరో తరగతి పాలపళ్లు, ఏడు రెండు పళ్లు, వీళ్లు నాలుగు పళ్లు. మైకు పట్టేది సాజియా. తరగతిలో మూడు నెలలుగా నోరు విప్పని పిల్ల. బెల్లు పడితే చాలు, బెంచీ ఎక్కి, నోటుబుక్కు చుట్టి నోటి దగ్గర పెట్టుకుని ఎత్తుకునేది.

"వచ్చేశ్శాయి వచ్చేశ్శాయి, కోయిలకుంట్ల వారి జత! ఎడమ గిత్త చూడన్నా ఎట్ల ఎగదీస్తాండాదో! కుడి గిత్తకు నీళ్లు కావల్ల, నీళ్లు! ఎవురప్పా ఆడ బరిలో నిలబడింది, పక్కకు జరగండప్పా!"

ఒకరోజు మారిసెల్ చాక్‌పీసు డబ్బా మరిచిపోయి వెనక్కి తిరిగి వచ్చి ఈ సంబరం చూసింది. తిడుతుందనుకున్నాను. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని గోడకు ఒరిగి నవ్వింది. వాళ్ల నాన్న ఊర్లో దున్నపోతుల పరుగు పందేలు ఆడేవాడంట. తర్వాత గుర్తొచ్చి తిట్టింది. అప్పటికి ఆలస్యం. పై అంతస్తు నుంచి ఫిర్యాదు పోయింది, సారు వచ్చాడు.

"మేడం, మీ పీరియడ్ అయిపోయిన వెంటనే గోల అంటే అర్థం ఏంది? మీకు డిసిప్లిన్ రాదని. శనివారం పేరెంట్స్‌ను పిలుస్తాండా. మూడో పీరియడ్ నేనూ కూర్చుంటా. మీ పాఠం అయినాక ఆ గదిలోనుంచి గోల ఇనపడిందా, అదే మీకు ఆఖరి రోజు."

ఆమె గదిలో లేనప్పుడు జరిగే గోలకు ఆమె బాధ్యురాలంట. టీ తాగే లెక్కల సారును ఒక్క మాట అనడు, తన బామ్మర్ది కాబట్టి. నేను మధ్యలో అందుకున్నాను.

"సారూ, బెల్లుకు బెల్లుకు నడాన పంతులు లేకపోతే పిల్లోళ్లు ధ్యానం చేస్తారా?"

"నిన్ను అడిగినానా? నువ్వు బెల్లు సూసుకో."

సరే. బెల్లు చూసుకోమన్నాడు కదా. అక్కడే నాకు పురుగు తొలిచింది.

శుక్రవారం మారిసెల్ ఎనిమిది బి ముందు నిలబడి, తెలుగూ ఇంగ్లీషూ కలిపి, దావూద్ విమానం సంగతి సహా ఉన్నది ఉన్నట్టు చెప్పింది. పిల్లలు కదిలిపోయారు. భూపేష్ నెత్తిన చెయ్యి పెట్టుకుని "మా యమ్మ తోడు మేడం, గమ్మునుంటాం" అన్నాడు. ఏసుబాబు కండ్లు తుడుచుకున్నాడు. మనసులో మాటే అన్నారు. కానీ నాకు తెలుసు. బెల్లు పడ్డాక వాళ్ల కాళ్లు వాళ్ల మాట వినవు. మూడు నెలలుగా ఆ నాలుగు దెబ్బలకే లేస్తున్నారు.

కాబట్టి నా పథకం ఇది. బెల్లు కొడితే కదా మధ్య ఖాళీ? కొట్టను. తల్లిదండ్రులు కాసేపు కూర్చుని, విసుగొచ్చి, నమస్కారం పెట్టి పోతారు. వాళ్లు గేటు దాటాక కొడతాను. ఎవరికీ చెప్పలేదు. తెలివి అంటే నాదే అనుకున్నాను.

శనివారం ఎనిమిది మంది వచ్చారు. సారు గంజి పెట్టిన తెల్ల పంచెలో వచ్చి, అందరి ముందు తన ఫోను, వాచీ కూడా ట్రేలో పెట్టాడు. "రూలు రూలే. నాకైనా సరే. మా బడిలో బెల్లు పడందే ఈగ గూడా గడప దాటదు," అన్నాడు గొప్పగా. తల్లిదండ్రులు కూడా సిగ్గుపడి తమ ఫోన్లు, వాచీలు పెట్టేశారు. నేను ట్రే తీసుకుపోయి బీరువాలో పెట్టాను. ఇప్పుడు బడి మొత్తానికీ టైము తెలిసింది ఆఫీసు గోడ గడియారానికీ, నాకూ.

పది యాభైకి పాఠం మొదలైంది. శుక్రవారం సంత మీద. పిల్లలు కొందరు కూరగాయలు అమ్మేవాళ్లు, కొందరు కొనేవాళ్లు. బాగా నడిచింది. "టమాటో హౌ మచ్?" "ట్వంటీ మేడం." "టూ మచ్!" అని. పదకొండున్నరకు ఆమె "థాంక్యూ" అని చేతులు దులుపుకుని కిటికీ వైపు చూసింది. నేను ఆకాశం వైపు చూశాను.

ఎవరూ లేవలేదు.

ఆమె ఒక పాట పాడించింది. ఎవరూ లేవలేదు. శరీర భాగాలు చెప్పించింది. ముక్కు, చెవి, మోకాలు, మోచెయ్యి, చివరికి పేగులు కూడా అయ్యాయి. సారు కిటికీలోనుంచి తల పెట్టి మెల్లగా అడిగాడు.

"ఓబులేషూ, టైమెంతప్పా?"

"ఇంకా ఉండాది సారూ."

ఆయన తల ఊపి మళ్లీ కూర్చున్నాడు. విసుగు పడినట్టు కనపడకూడదు కదా, పేరెంట్స్ ముందర.

మిగతా గదుల్లో నరకం. తెలుగు సారు పద్యం అయిపోగొట్టి, తాత్పర్యం అయిపోగొట్టి, తన పెండ్లిచూపుల కథలోకి దిగాడు. హిందీ టీచరు బోర్డు నిండా రాసి తుడిచి మళ్లీ రాస్తోంది. పై అంతస్తులో లెక్కల సారు టీ దక్కక కిటికీ ఊచలు పట్టుకుని జైల్లో ఖైదీలాగా కిందికి చూస్తున్నాడు. ఆ ఒక్క దృశ్యానికి నేను ఇంకో గంటైనా కొట్టకుండా ఉండేవాణ్ణి. రెండో తరగతి పిల్లలు చిటికెన వేళ్లు ఎత్తి వరండా వైపు ఊపుతున్నారు.

సుంకులమ్మ చీపురుతో వచ్చింది.

"ఏమి ఓబులేషూ, సచ్చినావా బతికినావా? బెల్లు మర్సినావా? పిల్లోళ్లు ఒంటికి పోవల్లంట, ఎంతసేపు బిగబట్టుకుంటారు?"

"గమ్మునుండక్కా. మేడం ఉద్యోగం ఉండాది దీంట్ల." నేను సంగతి చెప్పాను.

ఆమె నడుం మీద చెయ్యి పెట్టుకుంది. "నీ తెలివి తెల్లారినట్లే ఉండాది. వాళ్లు పోతే నువ్వు కొడతావు, సరే. నువ్వు కొట్టందే వాళ్లెట్ల పోతారు? గడప దాటకూడదని రూలు గదా?"

ఆలోచిస్తే అంతే! సారు తన రూలు తాను తప్పడు. సారు లేవందే పెద్దమనుషులు లేవరు, మర్యాద కాదు. వాళ్లు లేస్తే గానీ నేను కొట్టను. ఇప్పుడు కొడితే సారు కండ్ల ముందే ఎనిమిది బి పేలుతుంది, ఇంతసేపు కుక్కిన మందు కదా. పీకల దాకా దిగాను. సుంకులమ్మ మాత్రం రెండో తరగతిని వరసగా, వేలు మూతి మీద పెట్టించి, పిల్లిలాగా నడిపించుకుంటూ దొడ్డికి తీసుకుపోయింది. చిన్నపిల్లలకు రూలు వర్తించదని ఆమె రూలు.

పన్నెండయింది. గదిలో మారిసెల్ తల్లిదండ్రుల మీద పడింది. లేచి ఇంగ్లీషులో పరిచయం చేసుకోమంది. భూపేష్ నాన్న గోపన్న, రైతు, కండువా సర్దుకుని నిలబడ్డాడు.

"మై నేమ్ ఈజ్ గోపన్న. ఫోర్ ఎకర్స్. నో రెయిన్."

గది మొత్తం చప్పట్లు కొట్టింది. నాకు తెలిసి మా జిల్లా గురించి ఇంతకన్నా బాగా ఇంగ్లీషులో ఎవరూ చెప్పలేదు.

పన్నెండు ఇరవైకి ఆమె దగ్గర ఏమీ మిగలలేదు. మొహం చెమటతో మెరుస్తోంది. కిటికీ దగ్గరికి వచ్చి గుసగుసలాడింది.

"ఓబులేషన్నా! బెల్!"

"వాళ్లు పోతే కొడతా మేడం."

"బెల్ కొడితే వాళ్లు పోతారు!"

"కొడితే పిల్లోళ్లు లేస్తారు మేడం."

ఆమె నన్ను చూసింది. నేను ఆమెను చూశాను. ఆమెకు మొత్తం అర్థమైపోయింది. పెదవి వణికింది. ఏడుస్తుందనుకున్నాను. కాదు, నవ్వు. లోపలినుంచి పొంగుకొచ్చే నవ్వు. కిటికీ ఊచ పట్టుకుని భుజాలు ఊగేలా నవ్వింది. నాకూ అంటుకుంది, కడ్డీ చేతిలోనుంచి జారి కాలి మీద పడింది, నొప్పిలో కూడా నవ్వుతున్నాను. పోయేది ఎట్లాగూ పోతుందనుకుందో ఏమో, ఆమె చున్నీతో కండ్లు తుడుచుకుని వెనక్కి తిరిగింది.

"ఎయిట్ బి. ఇమాజిన్. ది బెల్ హేస్ రంగ్. మేడం ఈజ్ గాన్. వాట్ డూ యు డూ?"

నలభై ఆరు మంది రాళ్లయిపోయారు. భూపేష్ నెత్తిన మళ్లీ చెయ్యి పెట్టుకున్నాడు.

"యెస్ మేడం," అన్నారెవరో బలహీనంగా.

"నో యెస్ మేడం. షో మి. ఎవ్రీథింగ్. బట్ ఓన్లీ ఇన్ ఇంగ్లీష్."

అప్పుడు వెనక బెంచీలో సాజియా లేచింది. మారిసెల్ మొహం చూసింది, నిజమేనా అన్నట్టు. మేడం తల ఊపింది. సాజియా బెంచీ ఎక్కింది. నోటుబుక్కు చుట్టింది. గొంతు సవరించుకుంది.

"కమింగ్ కమింగ్ కమింగ్! లేడీస్ అండ్ జెంటిల్‌మెన్, కోయిలకుంట్ల బుల్స్ ఆర్ కమింగ్! లెఫ్ట్ బుల్, మిస్టర్ భూపేష్! రైట్ బుల్, మిస్టర్ ఏసుబాబు! ఫోర్ టీత్ కేటగిరీ!"

తలుపు వెనక భూపటం కింద దాచిన బండ బయటికి వచ్చింది. టైలు ఊడాయి, ముడులు పడ్డాయి. కాడి భుజాలకు ఎక్కింది. చీపురు కర్ర చూసి వరండాలో సుంకులమ్మ "ఓరి మీ పాడుగాను!" అని అరిచింది.

సారు మొహం కందగడ్డ అయింది. లేచి నిలబడ్డాడు. "ఏందిది? ఇది బడా, తిరునాళ్లా?"

దావూద్ విమానం కండ్ల ముందు లేచింది.

సారు ఒక అడుగు ముందుకు వేశాడు. ఆయన కన్ను కాడి మీద పడింది. ఆగాడు. తల పక్కకు వంచాడు.

"కాడి అట్ల కట్టేది యాడన్నా ఉండాదా? తాడు నడాన రావల్ల, నడాన! ఒక గిత్త మీదే బరువంతా పడుతాండాదే!"

"సార్, ఇంగ్లీష్ ఓన్లీ," అన్నాడు భూపేష్, కాడి కిందనుంచి.

గోపన్న ఫక్కున నవ్వాడు. సారు ఇంగ్లీషు మాట కోసం వెతుక్కున్నాడు. చెయ్యి గాల్లో తిప్పాడు. "రోప్! రోప్... మిడిల్! రాంగ్ రోప్! ఇడియట్ రోప్!"

వంగి ఆయనే ముడి విప్పి మళ్లీ కట్టాడు. పంచె ఎగ్గట్టాడు. భుజం మీది తువ్వాలు తీసి జెండాలాగా పైకెత్తాడు. "రెడీ! వన్! టూ!"

"పుల్లూ!" అని తల్లిదండ్రులందరూ ఒకే గొంతు.

బండ గరగరమంటూ కదిలింది. సాజియాకు పూనకం వచ్చింది. "గోయింగ్ గోయింగ్! లెఫ్ట్ బుల్ ఈజ్ యాంగ్రీ! రైట్ బుల్ ఈజ్ ఆస్కింగ్ వాటర్! గివ్ వాటర్! హూ ఈజ్ స్టాండింగ్ ఇన్ ద వే? అంకుల్, ప్లీజ్ మూవ్ యువర్ లెగ్స్!" తప్పో ఒప్పో నాకు తెలియదు, ఆ పిల్ల ఊపిరి తీసుకోకుండా మాట్లాడింది. మారిసెల్ ముందు వెనక్కి నడుస్తూ, రెండు చేతులతో దున్నపోతుల్ని పిలిచినట్టు పిలుస్తోంది, "కమాన్, కమాన్, గుడ్ బాయ్స్, కమాన్!" గది పొడవు పద్దెనిమిది అడుగులు. అది అయిపోయింది. ముందు గడప.

ఎద్దులు ఆగలేదు. బండ గడప ఎక్కి దభీమని వరండాలో పడింది. వెనకాలే తువ్వాలు ఊపుకుంటూ సారు. గడప దాటాడు! బెల్లు పడకుండా!

ప్రతి కిటికీలో మొహాలు. తెలుగు సారు పెండ్లి కథ మధ్యలో ఆపాడు. కరస్పాండెంటే దాటాక ఇంకేం రూలు? తలుపులన్నీ ఒకేసారి తెరుచుకున్నాయి. ఆనకట్ట తెగినట్టు పిల్లలు, వాళ్ల వెనక టీచర్లు. "ఇంగ్లీష్ ఓన్లీ అంట, ఇంగ్లీష్ ఓన్లీ!" అని వార్త గది గదికీ పాకింది. "పుల్ బుల్!" "లెఫ్ట్ బుల్ జిందాబాద్!" హిందీ టీచరు ఈలవేసింది, ఆమెకు ఈల వచ్చని ఎవరికీ తెలియదు. లెక్కల సారు మెట్లు మూడేసి చొప్పున దిగి టీ వైపు పరుగెత్తాడు. సారు గొంతు అందరి కన్నా పైన, "అప్! నెక్ అప్! డోంట్ స్లీప్! పుల్ లైక్ ఫాదర్!"

నేను ఇంక ఆగలేకపోయాను. కడ్డీ తీసుకుని కొట్టాను. నాలుగు దెబ్బలు కాదు. చెయ్యి నొప్పి పుట్టేదాకా కొట్టాను.

"టైం అప్!" అని సాజియా అరిచింది. భూపేష్, ఏసుబాబు బండ మీదే కూలబడ్డారు. సారు మోకాళ్ల మీద కూర్చుని, జేబులోనుంచి టేపు తీశాడు. జేబులో టేపు పెట్టుకు తిరుగుతాడని ఆ రోజే తెలిసింది. "సిక్స్టీ వన్ ఫీట్, ఫోర్ ఇంచెస్!"

అప్పుడు నిశ్శబ్దం పడింది. దానంతట అదే. సారు నేల మీద నుంచి తలెత్తి చూశాడు. పంచెకు మన్ను. చుట్టూ మూడు వందల మంది. లేచి దుమ్ము దులుపుకున్నాడు. గొంతు పెంచాడు.

"ఎవురు ఈ గోల చేసింది?"

గోపన్న కండువాతో నోరు తుడుచుకున్నాడు.

"నువ్వే సారూ. నీ గొంతే పెద్దగా ఇనపడె."

వరండా పగిలింది నవ్వులతో. సారు కోపంగా మొహం పెట్టాలని చూశాడు, మీసం కింద పెదవి మాట వినలేదు. గోపన్న ఆపలేదు. "మూడేండ్లాయె సారూ మావాణ్ణి ఈడ సదివిచ్చబట్టి. వాడు నీకే ఇంగ్లీషులో అడ్డం చెప్పింది ఈ పొద్దే ఇన్నా. ఇట్లాంటి మేడమ్మను యాడికీ పంపొద్దు."

మారిసెల్ ముందుకు వచ్చింది. చెప్పులు ఎక్కడో పోయాయి, జుట్టు రేగిపోయింది. సూటిగా అడిగింది. "సార్. నాకు టుడే లాస్ట్ డే?"

"లాస్ట్ డే ఏంది మేడం?" సారు టేపు చుట్టుకుంటూ అన్నాడు. "సోమవారం బిరీన రండి. ఆరో తరగతి పాలపళ్లోళ్లు నోరే విప్పడం లేదు. వాళ్లను గూడా పట్టండి."

తర్వాత నా వైపు తిరిగాడు. "ఓబులేషూ, గంటకు పైన బెల్లు కొట్టలేదు నువ్వు. నీ సంగతి..."

"కట్ చేయండి సారూ. కానీ రూలు ప్రకారం గడప మొదట దాటింది మీరు. మీకూ సగం రోజు కట్."

ఆయన నన్ను చూశాడు, బండను చూశాడు, ఎద్దుల ఫోటో ఉన్న గదిలోకి పోయాడు. ఆ మధ్యాహ్నం నా పాత కాగితం మళ్లీ తీసి తిప్పాను. పదకొండు సంతకాలు పడ్డాయి. మొదటిది హిందీ టీచరుది. సోమవారం నుంచి వాచీలు టీచర్ల చేతికే ఉన్నాయి. ఫోన్ల సంగతి ఇంకా కొట్లాడుతున్నాం.

ఆ శనివారం నేను కాగితం మడిచి జేబులో పెట్టుకునేసరికి గేటు బయట దావూద్ ఆటో ఆగి ఉంది. షమాను చంకన ఎత్తుకుని, మొహంలో నెత్తురు లేకుండా నిలబడి ఉన్నాడు.

"ఏమాయె ఓబులేషన్నా? గోల గోల అంట, సంతపేట దాకా ఇనపడిందంట. తీసేసినారా?"

నేను చెప్పే లోపలే వాడి ఫోను మోగింది. కడప ఏజెంటు. దావూద్ ఎత్తాలా వద్దా అని చూస్తుండగా మారిసెల్ వచ్చి ఫోను లాక్కుంది.

"ఎవరప్పా నువ్వు? దావూద్ యాడికీ పోడు. ఈడనే ఉంటాడు, ఆటో తోల్తాడు. శానా పని ఉండాది నాకు, పెట్టెయ్యప్పా."

దావూద్ నోరు తెరుచుకుని నన్ను చూశాడు. ఇంట్లో ఆమె ఇట్లా ఎప్పుడూ మాట్లాడలేదంట. ఎవరు నేర్పారని అడిగాడు. నేను ఎనిమిది బి వైపు వేలు చూపించాను.

అక్కడ బండ మళ్లీ గరగరమంటోంది. లెక్కల సారు ఇంకా టీ తాగుతున్నాడు.